తన్ను తాను చదువుకున్న వైద్యుడు: కార్ల్ గుస్టావ్ యూంగ్

శస్త్రవైద్యుని చేతిలో కత్తి ఉంటుంది. హృద్రోగ నిపుణుని మెడలో స్టెతస్కోపు వేలాడుతూ ఉంటుంది. మనస్సుకు చికిత్స చేసే వైద్యుని చేతిలో అటువంటి పనిముట్టేదీ కనిపించదు. మనోవ్యాధులకు నమ్మదగిన ఔషధాలు 1950 తరువాత గాని రాలేదు. అంతకు ముందు ఆ వైద్యునికి ఉన్నవల్లా వినే చెవి, అడిగే ప్రశ్న, సమయం ఎరిగి పాటించే మౌనం. అనగా ఆయన మనస్సే ఆయన పనిముట్టు. కత్తికి తుప్పు పట్టినదీ లేనిదీ కంటితో చూసి చెప్పవచ్చు. మనస్సుకు పట్టిన తుప్పును ఎవరు చూడాలి? ఎట్లా చూడాలి? ఈ ప్రశ్నను మనోవైద్యుల శిక్షణలో భాగం చేసినవారిలో ముందు చెప్పుకోదగినవాడు స్విట్జర్లాండు దేశీయుడైన కార్ల్ గుస్టావ్ యూంగ్. దానికి సమాధానాన్ని ఆయన గ్రంథాలలో వెదకి ఊరుకోలేదు. తన జీవితాన్నే పరీక్షకు పెట్టాడు. అందుకు ఆయన చెల్లించిన మూల్యం స్వల్పమైనది కాదు.

యూంగ్ 1875 జూలై 26న కాన్‌స్టాన్స్ సరస్సు తీరంలోని కెస్‌విల్ అనే పల్లెలో జన్మించాడు. తండ్రి పాల్ యూంగ్ క్రైస్తవ మతాచార్యుడు. తల్లి ఎమీలీ. పితామహుడు బాసెల్ విశ్వవిద్యాలయంలో వైద్యశాస్త్ర ఆచార్యుడుగా పేరు పొందినవాడు. మనుమడికి ఆ తాతగారి పేరే పెట్టారు. బాలుడు పసితనంలో ఉన్నప్పుడే కుటుంబం రైన్ జలపాతం దగ్గరి లాఫెన్‌కు, తరువాత బాసెల్ నగరం పక్కన ఉన్న క్లైన్‌హ్యూనింగెన్‌కు తరలిపోయింది. చెల్లెలు పుట్టేనాటికి అతనికి తొమ్మిదేళ్ళు. అంతవరకు ఆ ఇంట్లో అతడొక్కడే పిల్లవాడు. ఒంటరిగా ఆడుకోవడం, ఒంటరిగా ఆలోచించడం అతనికి అలవాటయ్యాయి. తండ్రి చర్చిలో బోధించే విషయాలను తానే పూర్తిగా విశ్వసించలేక లోలోపల నలిగిపోతున్నాడన్న సంగతిని ఆ బాలుడు చిన్నతనంలోనే పసిగట్టాడు. పైకి కనిపించే మనిషి వేరు, లోపలి మనిషి వేరు అన్న ఎరుక ఆయనకు ఇంటి నుండే లభించింది.

పన్నెండేళ్ళ ప్రాయంలో జరిగిన ఒక సంఘటన ఇక్కడ కొంత వివరంగా చెప్పుకోదగినది. ఒకనాడు బాసెల్ వీధిలో తోటి విద్యార్థి ఒకడు తోసివేయగా యూంగ్ కింద పడ్డాడు. తల రాతి అంచుకు తగిలి స్పృహ తప్పినంత పని అయింది. ఆ క్షణంలోనే, ఇక బడికి పోనక్కరలేదన్న ఆలోచన మెరుపులా అతని మనస్సులో మెదిలింది. గణితమన్నా, వ్యాయామమన్నా అతనికి బడిలో భయం. అది మొదలు బడికి పంపబోయినా, పాఠం చదవమన్నా మూర్ఛ వచ్చేది. ఆరు నెలలకు పైగా చదువు మూలపడింది. వైద్యులు తలొక మాట చెప్పారు. ఒకరు అపస్మారం కావచ్చునన్నారు. పిల్లవాడు మాత్రం అడవులలో, నీటి ఒడ్డున హాయిగా తిరిగాడు. ఆ హాయి అడుగున ఏదో అపరాధభావం మసలుతున్నా దానిని పట్టించుకోలేదు.

ఒకరోజు తండ్రిని చూడడానికి మిత్రుడొకరు వచ్చాడు. పొద చాటున కూర్చున్న బాలుడు వారి సంభాషణ విన్నాడు. కొడుకు ఆరోగ్యాన్ని గురించి మిత్రుడు అడుగగా, తన దగ్గర ఉన్న కాస్త డబ్బూ వైద్యానికి ఖర్చైపోయిందనీ, వీడు రేపు తన పొట్ట తాను పోసుకోలేకపోతే గతేమిటనీ తండ్రి వాపోయాడు. పిడుగు పడినట్లయింది ఆ పిల్లవానికి. నేరుగా తండ్రి గదిలోకి వెళ్ళి లాటిన్ వ్యాకరణం తెరిచాడు. పది నిమిషాలకు మూర్ఛ వచ్చింది. తేరుకుని మళ్ళీ చదివాడు. పావుగంటకు రెండవసారి వచ్చింది. పట్టు విడవలేదు. మూడవసారి కూడా వచ్చింది. ఆ తరువాత మరి రాలేదు. కొన్ని వారాలకు బడికి వెళ్ళాడు. మనోవ్యాధి అనేది ఎట్లా పుడుతుందో, అది మనిషికి ఏ విధంగా ఆశ్రయమిస్తుందో, దాని నుండి బయటపడడానికి ఎంత పెనుగులాడవలసి ఉంటుందో తాను ఆనాడే నేర్చుకున్నానని ఆయన వృద్ధాప్యంలో జ్ఞాపకం చేసుకున్నాడు. రోగిని మోసగాడని నిందించకుండా, అట్లాగని వ్యాధిని కేవలం దేహానికే అంటగట్టకుండా చూడగలిగిన దృష్టికి బీజం ఆ పొద చాటున పడింది.

1895లో యూంగ్ బాసెల్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యలో చేరాడు. మరుసటి సంవత్సరమే తండ్రి మరణించాడు. ఇల్లు గడవడం కష్టమైంది. బంధువుల సహాయంతో, అప్పులతో చదువు సాగింది. చివరి పరీక్షలకు సిద్ధమవుతున్న రోజులలో అంతవరకు ముట్టని మనోవైద్యశాస్త్ర పాఠ్యగ్రంథాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అది క్రాఫ్ట్ ఎబింగ్ రచించినది. పీఠికలోని కొన్ని వాక్యాలు చదివేసరికే గుండె వేగంగా కొట్టుకున్నదట. ఈ శాస్త్రంలో రచయిత వ్యక్తిత్వపు ముద్ర పడక తప్పదనీ, ఉన్మాదం మనిషి వ్యక్తిత్వానికి సంబంధించిన వ్యాధి అనీ ఆ పీఠిక సారాంశం. ప్రకృతిశాస్త్రమూ, మనిషి అంతరంగమూ కలిసే చోటు ఇదేనని యూంగ్ నిశ్చయించుకున్నాడు. ఆయనను తనకు సహాయకుడుగా మ్యూనిక్ తీసుకుపోదలచిన ఆచార్యుడు ఆశ్చర్యపోయాడు. ఆ కాలంలో మనోవైద్యానికి గౌరవం లేదు. పిచ్చాసుపత్రి ఊరికి దూరంగా ఉండేది. అందులోని వైద్యుడు కూడా రోగులతో పాటు లోకానికి దూరమైనవాడే.

1900 డిసెంబరు 10న యూంగ్ జూరిక్ నగరంలోని బుర్గ్‌హోల్జ్‌లి ఆసుపత్రిలో సహాయ వైద్యుడుగా చేరాడు. దానికి అధిపతి ఓయిగెన్ బ్లాయ్లర్. నేడు లోకమంతా వాడుతున్న స్కిజోఫ్రేనియా అనే పేరును 1908లో ప్రతిపాదించినవాడు ఆయనే. రైతు కుటుంబంలో పుట్టినవాడు. సొంత సోదరి మనోవ్యాధితో బాధపడడం చూసినవాడు. అంతకు ముందు రైనావ్ ఆసుపత్రిలో పన్నెండేళ్ళ పాటు రోగుల మధ్యనే నివసించాడు. వారితో కలిసి పనిచేశాడు, వారి మాండలికంలోనే వారితో మాట్లాడాడు. పుస్తకాలలో పేర్లు పెట్టి విడిచిపెట్టిన వ్యాధులకు లోపల ఒక అర్థం ఉంటుందని ఆయన నమ్మకం.

బ్లాయ్లర్ వద్ద శిక్షణ అంటే ఒక విధంగా గురుకులవాసం. యువవైద్యులు ఆసుపత్రిలోనే నివసించాలి. మద్యం నిషిద్ధం. రాత్రి పది దాటి బయట ఉండాలంటే అనుమతి కావాలి. ఉదయం ఎనిమిదిన్నరకు వైద్యుల సమావేశం. ఆ లోపలే తమ వార్డులు చుట్టి రోగుల స్థితి చూసి రావాలి. రోగి చెప్పిన ప్రతి మాటనూ, అది ఎంత అసంబద్ధంగా తోచినా, రాసి పెట్టాలి. అయితే ఈ కఠిన నియమాల కన్న విలువైనది మరొకటి అక్కడ ఉన్నది. వైద్యులు ఒకరి కలలను మరొకరు చర్చించుకునేవారు. మాట తడబడితే ఎందుకు తడబడిందో వెదకుకునేవారు. అధిపతి కూడా అందుకు అతీతుడు కాడు. వియన్నాలోని సిగ్మండ్ ఫ్రాయిడ్‌కు తన కలలను రాసి పంపి, వాటి అర్థం తెలుసుకోవడంలో సహాయం అడిగినవాడు బ్లాయ్లర్. ఒక పెద్ద ఆసుపత్రి అధిపతి తనకన్న ఒక్క ఏడాది పెద్దవాడైన, విశ్వవిద్యాలయాలు ఇంకా సందేహంగా చూస్తున్న ఒక వైద్యునికి ఆ విధంగా శిష్యుడు కావడం సామాన్య విషయం కాదు. యూంగ్ తరువాతి కాలంలో చెప్పిన స్వీయచరిత్రలో ఈ గురువుకు దక్కిన చోటు అత్యల్పం. శిష్యుని కృతజ్ఞతకు అది ఒక లోపంగానే మిగిలింది.

చేరిన తొలి ఆరు నెలలు యూంగ్ ఆసుపత్రి గోడలు దాటలేదు. ఒక మనోవైద్య పత్రిక సంపుటాలు యాభై మొదటి నుండి చదివాడు. రోగుల మనస్సులలో ఏమి జరుగుతున్నదో చెప్పిన పుట ఒక్కటీ ఆయనకు కనిపించలేదు. అందుచేత తానే వెదకడానికి పూనుకున్నాడు. సహచరుడైన ఫ్రాంజ్ రిక్లిన్‌తో కలిసి పదసాహచర్య పరీక్షను సాధనంగా చేసుకున్నాడు. వైద్యుడు ఒక పదం పలుకుతాడు. వినగానే తోచిన మొదటి పదాన్ని రోగి చెప్పాలి. ఇట్లా నూరు పదాలు. ప్రతి జవాబుకూ పట్టిన కాలాన్ని గడియారంతో కొలుస్తారు. మామూలు పదాలకు జవాబు చప్పున వస్తుంది. ఏదో ఒక పదం దగ్గర మనిషి తడుముకుంటాడు, నవ్వుతాడు, లేదా అడిగిన పదాన్నే తిరిగి పలుకుతాడు. ఆ తడబాటు దగ్గరే ఏదో దాగి ఉన్నది. ఇష్టాయిష్టాల చుట్టూ, గాయాల చుట్టూ బిగుసుకున్న ఆ భావాల ముడికి యూంగ్ ఇచ్చిన పేరు తెలుగులో మనోగ్రంథిగా స్థిరపడింది. ఈ పరీక్షకు మొదట కూర్చున్నవారిలో ఆరోగ్యవంతులూ ఉన్నారు, ఆసుపత్రి వైద్యులూ ఉన్నారు. పరీక్షించేవాడికి కూడా ముడులు ఉంటాయని గడియారం నిష్పక్షపాతంగా చూపించింది.

ఆ వార్డులలో దాదాపు యాభై ఏళ్ళుగా ఉంటున్న ఒక వృద్ధురాలు ఉండేది. మంచం దిగదు. మాట లేదు. చేతులతో మాత్రం ఎడతెగకుండా ఒక విచిత్రమైన కదలిక చేస్తూ ఉండేది. వైద్య విద్యార్థులకు ఆమెను వ్యాధికి నమూనాగా చూపేవారు. ఆ కదలిక చెప్పులు కుట్టేవాని చేతి కదలికలా ఉంటుందని పాత పరిచారిక ఒకామె యూంగ్‌కు చెప్పింది. కొన్నాళ్ళకు వృద్ధురాలు మరణించింది. అంత్యక్రియలకు ఆమె సోదరుడు వచ్చాడు. ఆమెకు మతి ఎందుకు చలించిందని యూంగ్ అతనిని అడిగాడు. యౌవనంలో ఒక చర్మకారుని ప్రేమించిందనీ, అతడు పెళ్ళికి నిరాకరించాడనీ ఆ సోదరుడు చెప్పాడు. అర్ధశతాబ్దం పాటు ఆ చేతులు ఒకే కథ చెబుతూ వచ్చాయి. అడిగినవారు లేకపోయారు. మొదటిసారి అడిగేసరికి ఆమె లేదు. ప్రతి రోగి వెనుక చెప్పబడని కథ ఒకటి ఉంటుందన్న విశ్వాసం యూంగ్‌లో ఆ శవపేటిక దగ్గర బలపడింది.

1905 నాటికి యూంగ్ ఆసుపత్రిలో బ్లాయ్లర్ తరువాతి స్థానానికి వచ్చాడు. విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పసాగాడు. అంతకు రెండేళ్ళ ముందు ఎమ్మా రౌషెన్‌బాక్‌తో వివాహమైంది. 1906లో ఫ్రాయిడ్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు ఆరంభమయ్యాయి. 1907 మార్చి 3న వియన్నాలో ఇద్దరూ మొదటిసారి కలుసుకున్నారు. ఫ్రాయిడ్‌కు యాభై ఏళ్ళు, యూంగ్‌కు ముప్పై ఒకటి. పదమూడు గంటల సేపు ఎడతెరపి లేకుండా మాట్లాడుకున్నామని యూంగ్ జ్ఞాపకం. నమ్మకం సడలిన తండ్రిని చూసి పెరిగినవాడికి నమ్మకంతో నిలిచిన తండ్రి దొరికాడు. తన శాస్త్రాన్ని వియన్నా ఎల్లలు దాటించగల వారసుని కోసం ఎదురు చూస్తున్నవాడికి కొడుకు దొరికాడు. ఏడేళ్ళలో వారి మధ్య సుమారు 360 ఉత్తరాలు నడిచాయి. 1910లో అంతర్జాతీయ మనోవిశ్లేషణ సంఘం ఏర్పడినప్పుడు ఫ్రాయిడ్ యూంగ్‌ను దానికి అధ్యక్షుణ్ణి చేశాడు.

ఈ వెలుగు వెనుక ఒక నీడ ఉన్నది. దానిని దాచి యూంగ్ చరిత్ర చెప్పడం న్యాయం కాదు. 1904 ఆగస్టులో సబీనా స్పీల్‌రైన్ అనే రష్యన్ యూదు యువతి తీవ్రమైన మానసిక వ్యథతో బుర్గ్‌హోల్జ్‌లిలో చేరింది. యూంగ్ చికిత్స చేశాడు. ఏడాది తిరగక ముందే ఆమె కోలుకుని జూరిక్‌లోనే వైద్యవిద్యలో చేరింది. అయితే వైద్యునికీ రోగికీ మధ్య ఉండవలసిన గీతను యూంగ్ నిలుపుకోలేకపోయాడు. ఆ అనుబంధం హద్దులు దాటింది. 1909లో విషయం బయటపడే స్థితి వచ్చినప్పుడు ఆయన మొదట తన బాధ్యతను తప్పించుకోవడానికి చూశాడు. ఆపైన గాని ఒప్పుకోలేదు. రోగికి వైద్యునిపై కలిగే భావోద్రేకాన్ని గురించి అంతవరకు చర్చ జరిగింది. వైద్యునిలో రోగి పట్ల కలిగే ఉద్వేగం కూడా అంతే బలమైనదనీ, దానిని అతడు గుర్తించి అదుపు చేసుకోవాలనీ ఫ్రాయిడ్ ఈ సందర్భంలోనే యూంగ్‌కు రాసిన ఉత్తరంలో సూచించాడు. ఆ భావనకు పేరు పుట్టిన చోటు అదే. ఇందులో ఎక్కువగా నష్టపోయినది స్పీల్‌రైన్. అయినా ఆమె 1911లో వైద్య పట్టం పొంది స్వయంగా మనోవిశ్లేషకురాలై విలువైన రచనలు చేసింది. 1942లో రోస్తోవ్ నగరంలో నాజీ సైన్యం చేతిలో ప్రాణాలు కోల్పోయింది.

1909లోనే యూంగ్ ఆసుపత్రి కొలువు విడిచి, జూరిక్ సరస్సు ఒడ్డున కుస్‌నాక్ట్ గ్రామంలో కట్టుకున్న సొంత ఇంటికి మారాడు. అదే సంవత్సరం అమెరికాలోని క్లార్క్ విశ్వవిద్యాలయం ఆహ్వానంపై ఫ్రాయిడ్‌తో కలిసి ఓడలో ప్రయాణమయ్యాడు. ఓడపై ఇద్దరూ ప్రతిరోజూ తమ కలలను ఒకరికొకరు చెప్పుకుని విశ్లేషించుకునేవారు. ఒకనాడు ఫ్రాయిడ్ కల ఒకదాని అర్థం తేలాలంటే ఆయన వ్యక్తిగత జీవితంలోని కొన్ని వివరాలు కావాలని యూంగ్ కోరాడు. అవి చెప్పితే తన అధికారానికి భంగం కలుగుతుందని ఫ్రాయిడ్ నిరాకరించాడట. ఇది యూంగ్ చెప్పిన కథనం. ఆ క్షణంలోనే గురువు అధికారం పోయిందని ఆయన భావించాడు. ఇతరుల మనస్సులను తెరిపించేవాడు తన మనస్సు తలుపు మూసుకోవచ్చునా అన్నది ఆయనను వెన్నాడిన ప్రశ్న. స్పీల్‌రైన్ విషయంలో ఆ ప్రశ్న తనకు కూడా తగులుతుందని ఆయనకు తెలియకపోలేదు.

ఈ మథనంలో నుండి ఒక ప్రతిపాదన వెలువడింది. ఇతరులను విశ్లేషించదలచిన ప్రతి వైద్యుడూ ముందుగా మరొక అనుభవజ్ఞుని ఎదుట కూర్చుని తానే విశ్లేషణకు లోను కావాలని యూంగ్ వాదించాడు. 1912లో న్యూయార్క్‌లోని ఫోర్డమ్ విశ్వవిద్యాలయంలో ఇచ్చిన ఉపన్యాసాలలో దీనిని నొక్కి చెప్పాడు. వైద్యుడు తన లోపల ఎంత దూరం వెళ్ళగలిగాడో రోగిని కూడా అంత దూరమే తీసుకుపోగలడు. తాను చూడ నిరాకరించిన చోట రోగి కూడా ఆగిపోతాడు. ఇది ఆ వాదం సారం. ఫ్రాయిడ్ కూడా అదే సంవత్సరం వెలువరించిన వ్యాసంలో ఈ నియమాన్ని ఆమోదించి, దాని ఘనతను జూరిక్ బృందానికి ఇచ్చాడు. 1920లో స్థాపితమైన బెర్లిన్ శిక్షణాలయం దీనిని శిక్షణలో అంగంగా చేసుకున్నది. గురుశిష్యులు అప్పటికి విరోధులైపోయినా ఈ ఒక్క నియమం మాత్రం ఇరు శిబిరాలలోనూ నిలిచింది.

విరోధం 1912లో ముదిరింది. అచేతన మనస్సులోని శక్తినంతటినీ కామప్రవృత్తికే ముడిపెట్టడం యూంగ్‌కు సమ్మతం కాలేదు. పురాణగాథలలో, మతాలలో, జాతుల స్వప్నాలలో అంతకన్న ప్రాచీనమైన, సమష్టియైన అంతరంగం ఉన్నదని ఆయన గ్రంథం రాశాడు. 1913 జనవరిలో వ్యక్తిగత స్నేహాన్ని విడిచిపెడదామని ఫ్రాయిడ్ రాశాడు. యూంగ్ అంగీకరించాడు. ఆ ఏటి సెప్టెంబరులో మ్యూనిక్ సభలో కలుసుకున్నదే కడసారి. యాజ్ఞవల్క్యుడు గురువైన వైశంపాయనునితో విభేదించి, నేర్చిన వేదాన్ని ఆయనకే విడిచిపెట్టి, సూర్యుని ఉపాసించి కొత్త యజుస్సును సంపాదించిన కథ మనకు తెలుసు. యూంగ్‌కు సూర్యుడు వెంటనే ప్రత్యక్షం కాలేదు. ముందు చీకటే ఎదురైంది.

1914లో ఆయన సంఘాధ్యక్షత వదులుకున్నాడు. విశ్వవిద్యాలయ బోధన కూడా మానుకున్నాడు. మిత్రులు చాలామంది దూరమయ్యారు. అంతకు ముందు, 1913 అక్టోబరులో రైలు ప్రయాణంలో ఉండగా ఒక భయంకర దృశ్యం కళ్ళెదుట నిలిచింది. ఉత్తర సముద్రం నుండి ఆల్ప్స్ పర్వతాల వరకు దేశాలన్నింటినీ వరద ముంచెత్తుతున్నది. శవాలు తేలుతున్నాయి. చివరకు నీరంతా రక్తమైంది. అటువంటి దృశ్యాలు చూసేవారికి తాను ఆసుపత్రిలో ఏ వ్యాధి పేరు పెట్టేవాడో ఆయనకు బాగా తెలుసు. తనకు మతి చలిస్తున్నదేమోనని భయపడ్డాడు. మరుసటి ఆగస్టులో మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమైనప్పుడు, ఆ దృశ్యం తన ఒక్కడిదే కాదేమోనని కొంత ఊరట పొందాడు.

ఎదుట రెండు దారులు ఉన్నాయి. ఆ దృశ్యాలను అణచివేసి మామూలు జీవితం గడపవచ్చు. లేదా అవి ఏమి చెబుతున్నాయో వినవచ్చు. తాను దిగని లోతుకు రోగులను దిగమని చెప్పే అర్హత తనకు లేదని యూంగ్ నిశ్చయించుకున్నాడు. మధ్యాహ్న భోజనం కాగానే సరస్సు ఒడ్డుకు వెళ్ళి, చిన్నపిల్లవాడిలా రాళ్ళు పేర్చి బొమ్మరిళ్ళు, బొమ్మ చర్చి కట్టేవాడు. పేరుమోసిన వైద్యుడు అట్లా ఆడుకోవడం తనకే సిగ్గుగా ఉండేదట. ఆ ఆటతో మనస్సు మడతలు విప్పడం మొదలు పెట్టింది. 1913 డిసెంబరు నుండి రాత్రివేళ కూర్చుని, మెలకువలోనే ఊహాచిత్రాలను రానిచ్చి, వాటిలోకి దిగి, అక్కడ ఎదురైన మూర్తులతో సంభాషించేవాడు. ఆ సంభాషణలన్నీ నల్ల అట్టల నోటు పుస్తకాలలో రాశాడు. తరువాత వాటిని ఎర్ర తోలు అట్ట గల పెద్ద గ్రంథంలోకి, మధ్యయుగపు తాళపత్ర లేఖకుని శ్రద్ధతో, అందమైన దస్తూరితో, రంగు చిత్రాలతో ఎక్కించాడు. ఆ పనిపై సుమారు పదహారేళ్ళు గడిపాడు.

ఇది ప్రమాదకరమైన సాహసమని ఆయనకు తెలుసు. పగలు రోగులను చూసేవాడు, కుటుంబంతో భోజనం చేసేవాడు. తనకు వైద్య పట్టం ఉన్నదనీ, భార్యా ఐదుగురు పిల్లలూ ఉన్నారనీ, ఫలానా వీధిలో ఫలానా ఇంట్లో ఉంటున్నాననీ తనకు తానే గుర్తు చేసుకునేవాడు. లోపలి లోకంలోకి వెళ్ళేవాడు బయటి లోకపు గుంజకు తాడు కట్టుకుని వెళ్ళాలన్న జాగ్రత్త అది. ఇంటి బరువు మోసిన ఎమ్మా లేకపోతే ఆ గుంజ నిలిచేదా అన్నది చరిత్రకారులు అడగవలసినంత గట్టిగా అడగలేదు.

ఆ ఊహాలోకంలో ఆయనకు ఎదురైన మూర్తులలో ఫిలేమాన్ అనే వృద్ధుడు ముఖ్యుడు. లకుముకి పిట్ట రెక్కల వంటి రంగురంగుల రెక్కలు గలవాడు. యూంగ్ తోటలో అతనితో నడుస్తూ మాట్లాడుతున్నట్లే అనుభవించాడు. మనలో పుట్టే ఆలోచనలన్నీ మనం తయారు చేసినవి కావనీ, అడవిలోని జంతువుల వలె వాటికి సొంత ఉనికి ఉంటుందనీ ఆ మూర్తి నుండి నేర్చుకున్నానని చెప్పాడు. బయటి గురువును కోల్పోయినవాడికి లోపల గురువు దొరికాడు. ఇది వెర్రి అని ఆయన చాలాకాలం ఎవరికీ చెప్పుకోలేదు. సుమారు పదిహేనేళ్ళ తరువాత గాంధీగారి మిత్రుడైన ఒక భారతీయ వృద్ధుడు ఆయన ఇంటికి వచ్చాడు. మాటల మధ్య గురుశిష్య సంబంధం ప్రస్తావనకు వచ్చింది. తమ గురువెవరని యూంగ్ అడిగాడు. శంకరాచార్యులని వచ్చినాయన చెప్పాడు. శతాబ్దాల కిందట వెళ్ళిపోయిన భాష్యకారులేనా అని యూంగ్ విస్తుపోయి అడిగితే, అవునని ప్రశాంతంగా బదులిచ్చాడు. చాలామందికి సజీవులైన గురువులుంటారు, కొందరికి ఇట్లా ఆత్మరూపులూ గురువులవుతారన్న ఆ వివరణ విన్నాక యూంగ్ ఊపిరి పీల్చుకున్నాడు. తన అనుభవం మానవలోకానికి వెలుపలిది కాదని తెలిసింది.

ఆ ఏళ్ళలో పొందినది శిష్యుల శిక్షణలోకి ప్రవహించింది. 1921లో మనస్తత్వ రీతులను గురించిన గ్రంథం వచ్చింది. అంతర్ముఖుడు, బహిర్ముఖుడు అని నేడు మనం అలవోకగా వాడుతున్న భేదం దాని నుండి వ్యాపించినదే. తానూ ఫ్రాయిడూ ఒకే రోగిని రెండు విధాలుగా ఎందుకు చూశామన్న ప్రశ్న ఆ గ్రంథానికి మూలం. 1925లో జూరిక్‌లో కొద్దిమంది శిష్యుల ఎదుట ఆంగ్లంలో వరుస ఉపన్యాసాలు ఇచ్చాడు. ఫ్రాయిడ్‌తో విభేదం, రక్తవరద, ఫిలేమాన్, తన భయాలు వారికి మొదటిసారిగా విప్పి చెప్పాడు. ఓడపై ఫ్రాయిడ్ చేయనిది యూంగ్ తన తరగతి గదిలో చేశాడు.

అన్ని శిక్షణలూ సఫలం కాలేదు. ఒకసారి సిఫారసు పత్రంతో ఒక వైద్యుడు విశ్లేషకుడు కాగోరి వచ్చాడు. చక్కని వృత్తి, చక్కని ఇల్లు, భార్యాపిల్లలు. తనకు ఏ సమస్యా లేదన్నాడు. విశ్లేషకునికి తన స్వరూపమే ఉపకరణమనీ, అది సరిగా లేకపోతే రోగి సరికాలేడనీ చెప్పి యూంగ్ అతని కలలను అడిగాడు. చాలా రోజులు అతనికి కలలే రాలేదు. తరువాత వచ్చిన కలలో అతడు ఒక పాత భవనంలో దారి తప్పి, చీకటి గది నడుమ మాలిన్యం పూసుకుని కూర్చున్న మతిలేని పసివానిని చూశాడు. భయంతో అరిచి లేచాడు. ఆ నిర్దుష్టమైన నడవడి అడుగున ఉన్మాదం పొంచి ఉన్నదనీ, మరింత తవ్వితే మనిషి కూలిపోతాడనీ యూంగ్ గ్రహించాడు. ఆ మాట అతనికి చెప్పలేదు. ఏదో మిషతో శిక్షణను మెల్లగా ముగించి క్షేమంగా ఇంటికి పంపాడు. ఆత్మశోధన అందరికీ మంచిదేనని ఉత్సాహంగా చెప్పేవారు ఈ ఉదంతాన్ని కూడా తెలిసి ఉండాలి. ఆపవలసిన చోటు తెలియడం కూడా గురువు విద్యలో భాగమే.

తనను కూడా ఆయన అట్లాగే పరీక్షించుకున్నాడు. ఒక రోగి చికిత్స ముందుకు సాగక విసుగు పుట్టిస్తున్న సమయంలో ఆయనకు కల వచ్చింది. ఎత్తైన కోట బురుజుపై ఆమె కూర్చుని ఉన్నది. ఆమెను చూడడానికి ఆయన మెడ నొప్పి పుట్టేంతగా తల పైకెత్తవలసి వచ్చింది. మెలకువ రాగానే, పగటివేళ ఆమెను తాను చిన్నచూపు చూస్తున్నానన్న సంగతి తట్టింది. మరునాడు ఆ కలనూ, దాని అర్థాన్నీ ఆమెకే చెప్పాడు. చికిత్స దారిలో పడింది.

ఇంత పరిశీలన చేసుకున్నవాడు కూడా ఒక చోట కాలు జారాడు. 1933లో జర్మనీ నాజీల చేతికి చిక్కిన తరుణంలో ఆయన మానసిక చికిత్సకుల అంతర్జాతీయ సంఘానికి అధ్యక్షత స్వీకరించి, ఆ దశాబ్దం చివరివరకు నిర్వహించాడు. జర్మన్ యూదు వైద్యులు వ్యక్తిగత సభ్యులుగా చేరే వీలు కల్పించిన మాట నిజం. కాని అదే కాలంలో యూదుల మనస్తత్వానికీ, జర్మన్ల మనస్తత్వానికీ తేడాలు ఎంచుతూ వ్యాసం రాయడం నాజీలకు ఉపకరించే పని. తన చీకటిని తాను వెదకుకొమ్మని లోకానికి చెప్పినవాడు తన మాటల నీడను ఆనాడు చూడలేకపోయాడు. ఆ విమర్శ ఆయన పేరును నేటికీ వదలలేదు.

1937 డిసెంబరులో యూంగ్ భారతదేశానికి వచ్చాడు. కలకత్తాలో భారత విజ్ఞాన మహాసభ రజతోత్సవాలకు వచ్చిన ఆహ్వానం కారణం. అలహాబాదు, కాశీ, కలకత్తా విశ్వవిద్యాలయాలు గౌరవ డాక్టరేటులు ఇచ్చాయి. సాంచి స్తూపం ఆయనను కదిలించింది. మైసూరు మహారాజుకు గురువైన వి. సుబ్రహ్మణ్య అయ్యర్‌తో చర్చలు సాగించాడు. మద్రాసు దాకా వచ్చి కూడా తిరువణ్ణామలైలోని రమణ మహర్షి దర్శనానికి వెళ్ళలేదు. ఇతరుల సిద్ధిని అరువు తెచ్చుకోరాదని, తన దారి తాను నడవవలసిందేనని ఆయన సమాధానం. దీనిని అహంకారమన్నవారూ ఉన్నారు, నిజాయితీ అన్నవారూ ఉన్నారు.

1944లో గుండెపోటు వచ్చి మృత్యుముఖం దాకా వెళ్ళి వచ్చాడు. 1948లో ఆయన పేరిట జూరిక్‌లో శిక్షణాసంస్థ వెలసింది. తన భావాలు శిలాశాసనాలవుతాయన్న జంకుతోనే ఆయన అందుకు ఒప్పుకున్నాడు. అక్కడ విశ్లేషకుడు కాదలచినవారు పాఠాలతో పాటు చాలాకాలం స్వయంగా విశ్లేషణకు లోను కావడం తప్పనిసరి. 1955లో ఎమ్మా మరణించింది. 1961 జూన్ 6న యూంగ్ కుస్‌నాక్ట్‌లోని ఇంట్లో కన్నుమూశాడు. అప్పటికి ఎనభై ఆరేళ్ళు నిండడానికి కొన్ని వారాలే తక్కువ.

ఆ ఎర్ర గ్రంథాన్ని ఆయన జీవించి ఉండగా ప్రచురించలేదు. కుటుంబం దానిని చాలాకాలం ఇంటి బీరువాలో, ఆపైన బ్యాంకు పెట్టెలో దాచింది. 2009లో గాని అది అచ్చు కాలేదు. 1959లో, ఎనభై నాలుగేళ్ళ వయస్సులో, యూంగ్ ఆ పాత పుటలను మరల తెరిచి చివర ఒక ముగింపు మాట రాయడానికి పూనుకున్నాడు. కొన్ని పంక్తులు సాగాయి. తరువాత కలం ఆగింది. ఆ వాక్యం సగంలోనే ఉన్నది.